సున్నా టన్నుల షెడ్డు

మా చెక్క–ఉక్కు కట్టడాల శాఖకు సాఫ్ట్‌వేర్ జ్వరం పట్టుకున్నది చీఫ్ ఇంజనీరు గారు బెంగుళూరులో సదస్సుకు వెళ్ళొచ్చాక. అక్కడ ఆయన ఏం విన్నారో మాకెవరికీ తెలియదు. భోజనాలు మాత్రం బాగున్నాయని వెంట వెళ్ళిన పి.ఏ. చెప్పాడు. వచ్చీ రాగానే అన్ని ఆఫీసులకూ సర్క్యులర్ పంపించారు. "చేతిలెక్కల యుగము ముగిసినందున, ఇకపై కర్ర, ఇనుము వినియోగించు ఏ కట్టడమునకైనను డిజైను సాఫ్ట్‌వేరు ద్వారానే జరుగవలెను. చేతితో వేసిన లెక్క సరియైనదైనను చెల్లదు."

ఆ చివరి వాక్యం చదివి నాకు ఒళ్ళు మండింది. ఎందుకంటే రేవుపాలెం చేపల మార్కెట్టు షెడ్డు డిజైను అప్పటికే నా బల్ల మీద సిద్ధంగా ఉంది. మద్ది కర్ర స్తంభాలు, కప్పుని మోసే ఇనుప ట్రస్సులు, పైన రేకులు. అందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. ఏ అసిస్టెంటు ఇంజనీరైనా చేయగలిగిందే నేనూ చేశాను, కాగితం మీద, కాలిక్యులేటరు పెట్టుకుని. కానీ ఆ కాగితం మీద నా చేతి రాత ఉంది కాబట్టి అది చెల్లకుండా పోయింది.

షెడ్డు సంగతి కాస్త చెప్పాలి. కిందటేడు తుఫానుకి మార్కెట్టు పైకప్పు ఎగిరిపోయి సముద్రంలో పడింది. అప్పట్నుంచీ చేపలమ్మే ఆడవాళ్ళు మట్టి దిబ్బ మీద ఎండలో కూర్చుంటున్నారు. పొద్దున్న బుట్టలో మెరిసిన చేప మిట్టమధ్యాహ్నానికి మెత్తబడిపోతుంది. కొనేవాళ్ళు ముక్కు మూసుకుని సగం ధరకి అడుగుతారు. వానాకాలం వస్తే ఆ సగం కూడా ఉండదు. వాళ్ళందరికీ పెద్దదిక్కు పైడమ్మ. నెత్తి మీద ఖాళీ బుట్ట పెట్టుకుని, అమ్మకం అయిన రోజూ కాని రోజూ మా ఆఫీసుకి వచ్చేది.

గుమ్మంలో స్టూలు మీద మా అటెండరు యర్రయ్య ఉండేవాడు.

"సార్లున్నారేటి బావూ?"

"క్యాంపుకెళ్ళారు."

"మొన్నా అదే సెప్పినావు."

"మొన్నటి క్యాంపు ఏరు, ఇది ఏరు."

మా శాఖలో క్యాంపు ఒక గొప్ప సదుపాయం. గది ఉన్న ప్రతి అధికారికీ క్యాంపు ఉంటుంది. గది తలుపు వేసుకుంటే క్యాంపు మొదలవుతుంది, తెరిస్తే అయిపోతుంది. నాకు గది లేదు. వరండా చివర బీరువాల మధ్య ఒక బల్ల ఉంది. అందుకని పైడమ్మకి ఎప్పుడూ దొరికేవాణ్ణి నేనొక్కణ్ణే.

"గవర్రాజు బావూ, వానలొచ్చేలోపు సెడ్డు పడతాదా?"

"డిజైను అయిపోయిందమ్మా. సాఫ్ట్‌వేరు రావాలట."

"అదెవులు? ఎక్కణ్ణించి రావాల?"

"కంపెనీ వాళ్ళు తెస్తారు."

"పోన్లే బావూ. వచ్చినాక నాకాడికి పంపు, రొయ్యలెట్టి పంపిస్తాను" అంది. నాకు నవ్వు రాలేదు. ఆమె ముఖం చూస్తే సిగ్గేసింది.

సాఫ్ట్‌వేరు ఎంపికకి ఒక కమిటీ వేశారు. అధ్యక్షుడు మా సూపరింటెండింగ్ ఇంజనీరు నీలాద్రిరావు గారు. ఆయన్ని అందరూ ఎస్.ఈ. గారంటారు. ఎప్పుడూ ఇస్త్రీ నలగని మనిషి. ఏ మాటనైనా రెండుసార్లు అంటే నిజమవుతుందని ఆయన నమ్మకం. సభ్యుడు అకౌంట్స్ ఆఫీసరు ముకుందం గారు. ఈయనకి దేవుడంటే భక్తి, ఆడిట్ అంటే భయం. రెండిట్లో భయానిదే పైచేయి. సాంకేతిక సహాయకుడిగా నన్ను వేశారు. అంటే ప్రొజెక్టరు వైరు నేను పట్టుకోవాలి.

టెండరుకి మూడు కంపెనీలు వచ్చాయి. వాళ్ళ సాఫ్ట్‌వేర్ల పేర్లు దృఢ, వజ్రదూలం, సులువు. మూడూ కర్రనీ ఇనుమునీ కలిపి లెక్క కట్టగలిగేవే. సరిగ్గా చూసి ఎంచుకోవాలంటే అడగాల్సినవి చాలా ఉన్నాయి. మన దేశపు కట్టడాల నియమావళి, అదే కోడ్, దానికి తెలుసా, మన మద్ది కర్ర బలం అందులో ఉందా, కర్రా ఇనుమూ కలిసే చోట బోల్టుల లెక్క చూపిస్తుందా, ఏదైనా చిక్కొస్తే ఫోనెత్తే మనిషున్నాడా అని. నేను ఆ ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద రాసి ఎస్.ఈ. గారికిచ్చాను. ఆయన దాని మీద టీ గ్లాసు పెట్టారు.

కవర్లు తెరిచారు. మూడు కంపెనీలూ పైసా తేడా లేకుండా ఒకే ధర కోట్ చేశాయి. ముగ్గురు ప్రతినిధులూ ఒకే లాడ్జిలో దిగారని యర్రయ్య తరవాత చెప్పాడు.

"ధరలు సమానమైనప్పుడు ఎవరిని ఎంపిక చేయవలెను?" అన్నారు ఎస్.ఈ. గారు.

ముకుందం గారు కళ్ళు మూసుకుని కాసేపు ధ్యానం చేశారు. "సార్, ప్రభుత్వానికి ఏది లాభమో అదే. మూడింటికీ మన చేపల మార్కెట్టు షెడ్డునే ఇద్దాం. ఎంత ఇనుము, ఎంత కర్ర కావాలో చెప్పమందాం. ఎవరు తక్కువ చెబితే వాళ్ళే ఎల్-వన్, వాళ్ళకే ఆర్డరు."

"జవాబులకి కూడా టెండరు పెడతారా సార్?" అన్నాను.

"ఇనుము కొనేటప్పుడు తక్కువ చూస్తాం కదయ్యా? మరి ఇనుము ఎంత కావాలో చెప్పేవాడిలో ఎందుకు చూడకూడదు? రేపు ఆడిట్ వాళ్ళు అడిగితే నువ్వొచ్చి చెబుతావా?"

ఆడిట్ మాట వినగానే ఎస్.ఈ. గారు తల ఊపేశారు. ఆ క్షణం నుంచి మా ఆఫీసులో ఇంజనీరింగు ఆగిపోయి వేలంపాట మొదలైందని చెప్పవచ్చు.

దృఢ ఎనిమిది టన్నులంది. వజ్రదూలం ఎనిమిదిన్నర అంది. నా చేతిలెక్క కూడా ఇంచుమించు అంతే వచ్చింది కాబట్టి లోపల సంతోషించాను. కానీ ముకుందం గారు పెదవి విరిచారు.

"మొదటి రేటు ఒప్పేసుకుంటే సంప్రదింపులు ఎందుకు జరపలేదని అడుగుతారండీ. తగ్గించమనండి."

వజ్రదూలం ప్రతినిధి టై సవరించుకున్నాడు. అమ్మకానికి వచ్చినవాడు కాబట్టి కాదనలేకపోయాడు. "గాలి వేగం కొంచెం తగ్గించుకుంటే తగ్గుతుంది సార్. తీరప్రాంతం కదా, తుఫాను గాలి ఎక్కువ పెట్టాం."

"గాలిని తగ్గించే అధికారం మనకున్నదా?" ఎస్.ఈ. గారు గంభీరంగా అడిగారు.

ముకుందం గారు అధికారాల పుస్తకం తెప్పించారు. పేజీలు తిప్పారు. "ఎస్టిమేటులో ఏ అంశాన్నైనా పది శాతం వరకు తగ్గించే అధికారం ఎస్.ఈ. గారికి ఉన్నది. గాలి ఎస్టిమేటులో ఉన్నది. కనుక తగ్గించవచ్చు. అంతకు మించితే చీఫ్ ఇంజనీరు గారికి రాయాలి."

ఎస్.ఈ. గారు పెన్ను తీసి, "రేవుపాలెం పరిసరములలో గాలి వేగము పది శాతము తగ్గించడమైనది" అని రాసి సంతకం పెట్టారు. కింద ముద్ర వేశారు. ఒక ప్రతి వాతావరణ కేంద్రానికి, సమాచార నిమిత్తం.

దృఢ ప్రతినిధి చూస్తూ ఊరుకుంటాడా? రేకుల మీదికెక్కి మరమ్మతు చేసేవాళ్ళు సన్నగా ఉంటారనుకుందాం సార్, అన్నాడు. అది కూడా మంజూరైంది. వజ్రదూలం ఆయన, గోడలే లేవు కదా, గాలి ఇటునుంచి వచ్చి అటు వెళ్ళిపోతుంది, అన్నాడు. దృఢ ఆయన, వాన రేకుల మీద ఆగదు కదా, జారిపోతుంది, అన్నాడు. అలా మధ్యాహ్నం భోజనాల వేళకి ఎనిమిది టన్నుల షెడ్డు నాలుగు టన్నులకి దిగింది. ఇద్దరి చొక్కాలూ చెమటకి తడిసిపోయాయి.

మూడో ప్రతినిధి జ్యోతిర్మయి అనే అమ్మాయి. పొద్దుట్నుంచీ తన వంతు కోసం ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చుంది. ఆమె తెచ్చింది సులువు ట్రయల్ వెర్షను. షెడ్డు బొమ్మ వరకు చకచకా గీసింది. స్తంభాలు, ట్రస్సులు, రంగురంగులుగా తెర మీద తిరిగాయి. తరవాత భారాల పేజీ తెరవబోతే అక్కడ తాళం బొమ్మ వచ్చింది.

"సార్, ట్రయల్లో లోడ్లు ఇవ్వడానికి కుదరదు సార్. కొన్నాక ఆ పేజీ తెరుచుకుంటుంది. గాలి, వాన, రేకుల బరువు, ఏదీ ఇవ్వలేదు. ఊరికే బొమ్మ చూడ్డానికి..."

"మీట నొక్కమ్మా" అన్నారు ముకుందం గారు.

నొక్కింది. ఒక్క క్షణంలో జవాబు వచ్చింది. కావలసిన ఇనుము: సున్నా. కావలసిన కర్ర: సున్నా. దాని కింద పచ్చటి అక్షరాలతో 'సురక్షితం' అని ఉంది.

మిగిలిన ప్రతినిధులిద్దరూ పెళ్ళిచూపుల్లో కాదనిపించుకున్న వాళ్ళలా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముకుందం గారి కళ్ళు చెమర్చాయి. ఆయన సర్వీసు మొత్తంలో ఇంత తక్కువ కోట్ చూడలేదట.

"సార్, అది జవాబు కాదు సార్. బరువే లేకపోతే దేన్నీ మోయక్కర్లేదు కాబట్టి..." జ్యోతిర్మయి ఏదో చెప్పబోయింది.

"చూడమ్మా, నీకు సాఫ్ట్‌వేరు అమ్మాలని ఉన్నదా, లేదా?" అన్నారు ఎస్.ఈ. గారు.

ఆ అమ్మాయి నావైపు చూసింది. నాకు ఊరుకోవడం చేతకాలేదు. "సార్, సున్నా టన్నులంటే షెడ్డే ఉండదు సార్. ఆడవాళ్ళు ఎక్కడ కూర్చుంటారు?"

ముకుందం గారు తెల్లకాగితం నా ముందుకు తోశారు. "సున్నాతో సురక్షితమైన కట్టడం వస్తుండగా నాలుగు టన్నులు ఎందుకు కొనాలో రాసివ్వు. ఆ ఖర్చు నీ జీతంలోంచి రికవరీ చేస్తే అభ్యంతరం లేదని కూడా రాయి."

కాగితం తెల్లగానే వదిలేశాను. కమిటీ ఏకగ్రీవంగా సులువుని ఎంపిక చేసింది. ఎంపిక చేశాక ముకుందం గారు ఇంకో ఆదా కూడా కనిపెట్టారు. ట్రయల్ వెర్షను ఉచితంగానే సున్నా ఇస్తున్నప్పుడు డబ్బు పెట్టి కొంటే ఆ సున్నా పెరిగే ప్రమాదం ఉంది. అందువల్ల కొనలేదు. జ్యోతిర్మయికి ప్రశంసాపత్రం ఇచ్చి రైలెక్కించారు.

ఇక పనులు చురుగ్గా సాగాయి. కర్ర లేదు, ఇనుము లేదు కాబట్టి ఎస్టిమేటులో మిగిలింది శిలాఫలకం, పసుపు కుంకుమ, రిబ్బను. కాంట్రాక్టరు సూర్యాస్తమయంలోగా పని పూర్తి చేశాడు. నాణ్యత పరీక్షించే బృందం జిల్లా కేంద్రం నుంచి వచ్చి, దిబ్బ చుట్టూ రెండుసార్లు తిరిగి, ఎక్కడా పగుళ్ళు గానీ తుప్పు గానీ లేవని సర్టిఫికెట్ ఇచ్చింది. అత్యంత తక్కువ వ్యవధిలో, అత్యంత తక్కువ వ్యయంతో కట్టడం పూర్తి చేసినందుకు మా ఎస్.ఈ. గారికి రాష్ట్రస్థాయి షీల్డు ప్రకటించారు.

ప్రారంభోత్సవానికి చీఫ్ ఇంజనీరు గారే వచ్చారు. రిబ్బను కట్టడానికి స్తంభాలు లేవు. స్తంభాలు డిజైనులో లేవని, పాతితే అది అదనపు పని అవుతుందని ముకుందం గారు అడ్డుపడ్డారు. చివరికి యర్రయ్య ఒక కొస, నేనొక కొస పట్టుకున్నాం. చీఫ్ గారు రిబ్బను కత్తిరించి, లోపలికి అడుగుపెట్టి, పైకి చూసి, "వెలుతురు బాగా వస్తున్నది" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

పైడమ్మ నా పక్కకొచ్చి నిలబడింది. కొత్త చీర కట్టుకొచ్చింది పాపం.

"బావూ, సెడ్డేది?"

నేను నోరు తెరిచేలోపు ఎస్.ఈ. గారు అందుకున్నారు. "ఇదేనమ్మా. మీరు దానిలోనే ఉన్నారు. దానిలోనే నిలబడి ఉన్నారు."

పైడమ్మ నలుదిక్కులా చూసింది. నెత్తి మీద ఎండ అలాగే ఉంది. "అలాగా బావూ. మాకు సదువు నేదు కదా, అవుపడదు" అని బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆ మాటలో వెక్కిరింపు ఉందో నమ్మకం ఉందో నాకు అప్పుడు తెలియలేదు. ఏదైతేనేం, ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

వెక్కిరింపే అయ్యుండాలి. ఎందుకంటే మర్నాడే ఆడవాళ్ళంతా కలిసి వెదుళ్ళు పాతి, పాత పడవ తెరచాపలు, టార్పాలిన్లు కప్పుకున్నారు. నీడ పడింది. చేపలు తాజాగా కనిపించాయి. బేరాలు మొదలయ్యాయి. ఆ పూట మార్కెట్టులో చాన్నాళ్ళకి నవ్వులు వినిపించాయి.

సాయంత్రానికి ముకుందం గారి చెవిన పడింది. "సున్నా భారానికి డిజైను చేసిన ప్రభుత్వ కట్టడంలో వెదుళ్ళు పాతడమా? టార్పాలిన్ వేయడమా? అది కట్టడం మీద అనధికార భారం కాదూ? కట్టడానికి ఏమైనా అయితే?"

"ఏమవుతుంది సార్?" అన్నాను.

"కూలిపోవచ్చు."

"ఏది?"

ఆయన నన్ను జాలిగా చూశారు. వెదుళ్ళు పీకించి, దిబ్బ మీద ఒక బోర్డు పెట్టించారు. "ఇందుమూలముగా సమస్త ప్రజలకు తెలియజేయడమేమనగా, ఈ కట్టడము శూన్యభారమునకు రూపకల్పన చేయబడినది. ఇందు నిలబడుట, కూర్చొనుట, బుట్టలు దించుట నిషిద్ధము." బోర్డు బరువుకి ప్రత్యేక అనుమతి తీసుకున్నారు. అంతవరకు ఎండలోనైనా కూర్చునేవాళ్ళు కదా, ఇప్పుడు ఆ మట్టి దిబ్బ మీద కూడా చోటు లేకుండా పోయింది. కొన్నాళ్ళు రోడ్డు వారన కూర్చున్నారు. లారీలు దుమ్ము రేపుకుంటూ పోయేవి.

ఆ తరవాత వాన వచ్చింది.

మా ఊళ్ళో మొదటి వాన సముద్రం మీంచి ఏటవాలుగా వచ్చి కొడుతుంది. ఎస్.ఈ. గారు తగ్గించిన పది శాతం సంగతి దానికి తెలిసినట్టు లేదు. రోడ్డు మీంచి ఆడవాళ్ళు బుట్టలెత్తుకుని పరుగెత్తారు. దగ్గర్లో గట్టి కప్పు ఉన్నది మా ఆఫీసుకే. బ్రిటిషు వాళ్ళ రోజుల్లో ఉప్పు గోడౌనుగా కట్టిన ఇల్లది. ఎత్తయిన దూలాలు, ఇంతేసి గోడలు, నాపరాళ్ళ నేల, ముందు పొడుగాటి వరండా. తుఫాన్లెన్నో వచ్చాయి గానీ ఒక్క పెంకు కదల్లేదు.

యర్రయ్య చేతులు చాపి అడ్డం నిలబడ్డాడు. "సార్లు క్యాంపుకెళ్ళారు! సార్లు లేరు!"

"మాకు సార్లతో పన్నేదురా, వరండాతో పని" అని పైడమ్మ అతన్ని స్టూలుతో సహా పక్కకి జరిపింది.

వరండాలో వంజరాలు, చందువలు, నెత్తళ్ళు బారులు తీరాయి. వాన ఆగలేదు, వాళ్ళూ కదల్లేదు. మర్నాటికి హాల్లోకి పాకారు. నా బల్లకి ఎడమ పక్క రొయ్యలు, కుడి పక్క పీతలు. కొనడానికి ఊరంతా వచ్చింది. మా ఆఫీసుకి ఇంతమంది జనం రావడం, వచ్చినవాళ్ళ పని అప్పటికప్పుడు అయిపోవడం నేనెన్నడూ చూడలేదు. నిజం చెబుతున్నాను, నాకు భలే ముచ్చటేసింది.

ఎస్.ఈ. గారు తలుపు వేసుకుని, కిటికీ వేసుకుని, ముక్కుకి రుమాలు కట్టుకుని చీఫ్ ఇంజనీరు గారికి లేఖ రాశారు. కార్యాలయమును చేపలవారు ఆక్రమించిరి, పోలీసు సహాయము కావలెను అని.

పోలీసులకి బదులు చీఫ్ ఇంజనీరు గారే వచ్చారు, చెప్పాపెట్టకుండా, రెయిన్‌కోటులో, టోపీ కళ్ళ దాకా దింపుకుని. యర్రయ్య గుర్తుపట్టలేదు.

"ఎస్.ఈ. గారున్నారా?"

"క్యాంపుకెళ్ళారు."

"అకౌంట్స్ ఆఫీసరు?"

"ఆరూ క్యాంపే."

చీఫ్ గారు టోపీ తీశారు. యర్రయ్య స్టూలు మీంచి పడ్డాడు. ఆ చప్పుడుకి ఎస్.ఈ. గారు రుమాలుతో సహా బయటికొచ్చారు. వస్తూనే తేరుకున్నారు. "ఇప్పుడే సార్, ఇప్పుడే క్యాంపు నుంచి వెనక గుమ్మంలోంచి వచ్చాను. మా సిబ్బంది నిరంతరం క్యాంపులోనే ఉంటారు సార్. నిరంతరం."

చీఫ్ గారు చేపల వరసలని చూశారు. "మార్కెట్టుకి కొత్త షెడ్డు ఉండగా వీరు ఇక్కడెందుకున్నారు?"

ఎస్.ఈ. గారు ఇరుక్కుపోయారు. షెడ్డు లేదంటే షీల్డు పోతుంది. ఉందంటే ఆడవాళ్ళు ఇక్కడెందుకున్నట్టు? చీఫ్ గారి పరిస్థితీ అంతే. లేని షెడ్డుకి రిబ్బను కత్తిరించింది ఆయనే. ముకుందం గారు ముందుకొచ్చి ఇద్దరినీ కాపాడారు. "షెడ్డు భేషుగ్గా ఉన్నది సార్. కానీ అది శూన్యభార కట్టడం. చేపల భారానికి ఆగదు."

"నువ్వు చెప్పమ్మా" అన్నారు చీఫ్ గారు పైడమ్మతో. "ప్రభుత్వ కార్యాలయంలో చేపలు ఎందుకు పెట్టావు?"

పైడమ్మ చేతిలోని కత్తిపీట పక్కన పెట్టి లేచి నిలబడింది. "బావూ, నానీ ఆపీసుకి ఎన్నిమాట్లు వచ్చినానో నెక్క నేదు. ఎప్పుడొచ్చినా సార్లు కేంపుకెళ్ళిపోనారనే ఈ యర్రయ్య సెప్తాడు. పొద్దుట వస్తే కేంపు, మాపటేల వస్తే కేంపు. మడిసన్నోడు ఉండని ఇల్లు ఇంత పెద్దది ఒట్టినే పడున్నాది కదా అని కూకున్నాం. ఉంటారని తెలిస్తే మేమెందుకు వస్తాం బావూ?"

ఎస్.ఈ. గారు ఏదో అనబోయారు. ఇప్పుడే అన్న 'నిరంతరం' అడ్డొచ్చినట్టుంది, నోరు మూసుకున్నారు.

చీఫ్ గారు వరండాలో అటూ ఇటూ పచార్లు చేశారు. సదస్సులకి వెళ్ళొచ్చిన బుర్ర కదా, పనిచేయడం మొదలుపెట్టింది. ఆగి, వెంట వచ్చిన పి.ఏ.ని రాసుకోమన్నారు.

"ఒక వైపు భారము మోయగల కట్టడము కలదు. అందులో ఎవరును ఉండరు. మరొక వైపు ఎవరును ఉండకూడని కట్టడము కలదు. అచ్చట మార్కెట్టు నడుపవలెనని ప్రయత్నించుచున్నాము. ఇది వనరుల దుర్వినియోగము. సిబ్బంది నిరంతరము క్యాంపులో ఉన్నందున ఈ కార్యాలయపు భారము శూన్యము. కావున కార్యాలయమును తక్షణము శూన్యభార కట్టడమునకు, మార్కెట్టును ఈ కట్టడమునకు మార్చవలెను."

ముకుందం గారు తెల్లబోయారు. కానీ ఆయన వృత్తిధర్మం మరవలేదు. సొంత కట్టడం ఖాళీగా ఉండగా అద్దె కొంపకి వెళ్ళడానికి నిబంధనలు ఒప్పుకోవని తనే గొణిగారు. అలా తమకున్న ఆఖరి దారి కూడా తనే మూసేశారు. నేను రుమాలు నోట్లో కుక్కుకుని బీరువా చాటుకి వెళ్ళాను.

వాన తెరిపి ఇవ్వగానే బల్లలు, బీరువాలు ట్రాక్టరు మీద దిబ్బకి చేరాయి. శిలాఫలకం పక్కన ఎస్.ఈ. గారి బల్ల, దాని వెనక ఆయన షీల్డు. గది లేదు కాబట్టి తలుపు లేదు. తలుపు లేదు కాబట్టి క్యాంపు కూడా లేకుండా పోయింది. అయినా అలవాటు ఎక్కడికి పోతుంది? ఎవరో పెద్దమనిషి అర్జీ పట్టుకొస్తే యర్రయ్య కొత్త స్టూలు మీంచి, "సార్లు క్యాంపుకెళ్ళారు" అన్నాడు. ఆ పెద్దమనిషి యర్రయ్య భుజం మీంచి, బారెడు దూరంలో కూర్చున్న ఎస్.ఈ. గారిని చూశాడు. ఎస్.ఈ. గారు ఆకాశం వైపు చూశారు. చివరికి అర్జీ తీసుకోక తప్పలేదు. ఆ వారంలో మా ఆఫీసులో జరిగినంత పని అంతకుముందు ఏడాదిలో జరగలేదు.

గొడుగు వేసుకుందామని నేను అన్నాను. ముకుందం గారు బోర్డు చూపించారు.

ఒక మధ్యాహ్నం సముద్రం మీద నల్లగా కమ్ముకొచ్చింది. గాలి లేచి ఫైళ్ళు ఎగరసాగాయి. ఎస్.ఈ. గారు తలెత్తి చూసి, చాలా మెత్తగా అడిగారు. "గవర్రాజూ, నువ్వు చేత్తో వేసిన డిజైను ఉందా, పారేశావా?"

"ఉంది సార్. కానీ చెల్లదు కదా."

ఆయన జవాబు చెప్పేలోపు వాన దబదబా పడింది. షీల్డు అక్కడే వదిలేసి ఎస్.ఈ. గారు పరుగు తీశారు. ఆయన వెనక ముకుందం గారు, వెనక నేను, యర్రయ్య. దగ్గర్లో గట్టి కప్పు ఉన్నది ఒక్కదానికే. గోడౌను వరండా మెట్లెక్కేసరికి గుమ్మంలో యర్రయ్య పాత స్టూలు మీద పైడమ్మ కూర్చుని ఉంది. లోపల దీపాలు వెలుగుతున్నాయి, బేరాలు జోరుగా సాగుతున్నాయి. ఎస్.ఈ. గారి ఇస్త్రీ చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

"కొంచెం... లోపలికి..." అన్నారాయన.

పైడమ్మ ఆయన్ని పైనుంచి కింది దాకా చూసింది. "ఎవులూ నేరు బావూ. అందరం కేంపుకెళ్ళిపోనాం. రేపు రండి."

లోపల ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. ఎస్.ఈ. గారు మెట్టు మీద అలాగే నిలబడిపోయారు, చెవుల మీంచి నీళ్ళు కారుతుండగా. ఆ మనిషి మీద నాకు మొదటిసారి జాలేసింది. పైడమ్మకి కూడా వేసినట్టుంది. లేచి, వంజరాల బుట్ట కాలితో పక్కకి జరిపి, ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది.

"రండి బావూ, రండి, సలిజొరం వొచ్చేగల్దు" అంటూ తన పమిట చెంగు ఆయన తలకి అందించింది. "ఏటిలా తడిసిపోనారు? మీ కొత్త సెడ్డు కారతన్నాదేటి?"